వందకి ఆరు కొసరు

"పచ్చచీర బాగుంది మేడం."

తెర కింది మూలన మాటలు రాసుకునే చిన్న పెట్టెలో, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు ముక్క ఒకటి వచ్చి నిలబడింది. కుసుమ దాన్ని చదివి తన ఒంటి మీదికి చూసుకుంది. పచ్చచీరే.

కుర్చీ వెనక్కి తోసి లేచి చుట్టూ చూసింది. కాశీబుగ్గలో మందుల షాపు మేడ మీద సరోజిని మేడం నడుపుతున్న కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ అది. అన్నాల వేళ కావడంతో పిల్లలంతా వెళ్లిపోయారు. కంప్యూటర్లు గుడ్డలు కప్పుకుని వరసగా కూర్చున్నాయి. తలుపు గడియ తనే పెట్టింది. కిటికీ అద్దాలకి నల్ల కాగితం అంటించి ఉంది. ఫ్యాను తప్ప గదిలో కదిలేది లేదు.

తెర మీద మాత్రం ఆకుపచ్చ పేకాట బల్ల, దాని చుట్టూ తొమ్మిది మంది ఆటగాళ్లు. ఎవరిది ఏ దేశమో ఎవరికీ తెలియదు. తను 'రోజా' అన్న దొంగపేరుతో కూర్చుంది. ఫొటో పెట్టలేదు, ఊరు రాయలేదు. ఆ మాట రాసినవాడి పేరు 'సీ టైగర్'.

వాడికి తన చీర రంగు ఎలా తెలిసింది?

కుసుమ వంగి ప్లగ్గు పీకేసింది.

ఇంకో ఆడది అయితే పోనీలే అనుకునేదేమో. కుసుమకి ఆ వీలు లేదు. ఆమె అత్తవారిది ఉద్దానంలో సముద్రం వైపు కొబ్బరితోటల మధ్య ఉన్న చిన్న ఊరు. భర్త కన్నయ్య కొబ్బరికాయల లోడు వేసుకుని ఒరిస్సా వైపు లారీ తోలతాడు. నెలలో సగం రోజులు ఇంట ఉండడు. పెళ్లాం రోజూ బస్సెక్కి పలాస పక్క కాశీబుగ్గ వెళ్లి ఉద్యోగం చేయడం అతనికి ఇష్టం లేదు. తల్లి పోలమ్మ గట్టిగా నిలబడితే ఒప్పుకున్నాడు. ఒప్పుకుంటూ ఒక మాటన్నాడు.

"ఎల్లు. కాదన్ను. నీ మీద ఊర్లో ఒక్క మాట ఇనపడిందా, ఆ రోజుతో నీ బస్సు పాసు పొయ్యిలోకే."

ఆ బస్సు పాసే కుసుమకి ఊపిరి. అది పోతే మిగిలేది వంటిల్లు, పెరడు, వాటి చుట్టూ తోట. ఇప్పుడా ఊపిరి ఎవడో ముక్కూ మొహం తెలియనివాడి గుప్పిట్లోకి పోయింది.

నిజానికి ఆమె ఆడేది చిల్లర ఆట. ఇంట్లోంచి పైసా తియ్యలేదు. ఆ సైటువాళ్లు ఊరికే పెట్టే పోటీలో నెగ్గిన రెండు మూడు డాలర్లే పెట్టుబడి. ఒకటీ రెండూ సెంట్ల పందేల బల్ల. మొదట్లో శివరాత్రి జాగారంలో అత్తతో, వదినలతో ఆడినట్టే ఆడి, చేతికొచ్చిన ప్రతి ముక్కనీ ముద్దు చేసి ఓడింది. తరవాత తెలివొచ్చింది. ఈ ఆటలో చేతిలోవి రెండు ముక్కలు, బల్ల మీద అందరికీ కలిపి అయిదు. ఆ రెండూ బాగోకపోతే మొహమాటం లేకుండా పారేయాలి. పదిసార్లలో ఎనిమిదిసార్లు పారేయాలి. పారేసి ఊరుకోకుండా, ఎదుటివాడు ఎప్పుడు ఎంత కాస్తున్నాడో, ఎంతసేపు ఆలోచిస్తున్నాడో చూస్తూ కూర్చోవాలి. ముక్కల కంటే మనిషి ముందు దొరుకుతాడు. అది తెలిసిన దగ్గర్నుంచి ఆమె ఓటమి ఆగింది. రోజంతా పిల్లలకి నేర్పిన పాఠమే నేర్పే కుసుమకి, తను కొత్తగా ఒకటి నేర్చుకుంటున్నానన్న సంతోషం ఆ గంటలో దొరికేది.

ఆ సంతోషం పచ్చచీరతో ఆరిపోయింది.

రెండు రోజులు ఆట జోలికి పోలేదు. మూడో రోజు ఉండబట్టలేక తెరిచేసరికి మాట సిద్ధంగా ఉంది.

"ఎందుకు మానేశావు? నువ్వు రాకపోతే మీ ఆయనకి ఫోన్ చేస్తాను. నీ పెళ్లాం డబ్బులెట్టి పేకాడుతోంది అని చెప్తాను."

ఇక మానడానికీ లేదు. రోజూ మధ్యాహ్నం ఆ బల్ల దగ్గర కూర్చోవాలి, వాడు రోజుకొకటి వదలాలి. "నిన్న బస్సులో సీటు దొరకలేదు కదా?" "చెప్పు తెగేలా ఉంది, చూసుకో." కిందికి చూస్తే చెప్పు వారు నిజంగానే తెగడానికి సిద్ధంగా ఉంది. బస్సులో కండక్టరు చిల్లర ఇస్తూ నవ్వితే వీడేనా అని చూసేది. టీకొట్టు దగ్గర ఎవడైనా సెల్‌ఫోను ఎత్తితే తనకే అనిపించేది. రాత్రిళ్లు కన్నయ్య ఫోన్ మోగితే చాలు, అవతల ఎవరో వినడానికి గుమ్మం దాకా వచ్చేది.

ఎవరికైనా చెప్పుకోవాలి. చెప్పుకుంది కూడా.

ఇన్‌స్టిట్యూట్‌లో కంప్యూటర్లు మొరాయిస్తే బాగుచేయడానికి టెక్కలి నుంచి వాసు అనే కుర్రాడు వస్తాడు. ఇరవై ఆరేళ్లుంటాయి. నెమ్మదస్తుడు. మేడం అన్న మాట లేకుండా నోరు విప్పడు. ఆ వారం కూడా వచ్చి, కుసుమ మౌసు తిరగేసి చూసి నవ్వాడు.

"ఏటి మేడం, దీంతో అప్పడాలు గాని వొత్తుతన్నారేటి? బంకంతా పట్టీసింది."

కుసుమ నవ్వలేకపోయింది. గొంతు తగ్గించి, ఎవరైనా బయటినుంచి మన కంప్యూటర్లోకి చూడగలరా అని అడిగింది. ఎవరో తనని వెంటాడుతున్నారని మాత్రం చెప్పింది. ఆట సంగతి సగం మింగేసింది.

వాసు మొహంలో నవ్వు పోయింది. "ఎవుడో ఎదవ అయ్యుంటాడు మేడం. నాను సూసుకుంతాను. మీరు బయపడకండి. ఇంట్లో సెప్పకండి. సెప్తే మీ ఉద్యోగానికే ముప్పు. నానున్నాను కదా."

ఆ సాయంత్రం బస్సులో మొదటిసారి కాస్త గాలి పీల్చుకుంది. తనకొక తోడు దొరికింది.

అయినా బెదిరింపులు ఆగలేదు. ఇక చేసేదేమీ లేక, కుసుమ తనకి తెలిసిన ఒక్క పనే చేసింది. సీ టైగర్ ఎవడో తెలియదు గాని, వాడు ఆడే తీరు తెలుసుకోవచ్చు కదా. తన ముక్కలు పారేసి వాడినే చూడసాగింది.

వారం తిరిగేసరికి ఒక వింత కనిపించింది. వాడు చేతిలో ఏమీ లేకుండా దబాయించినప్పుడు, సైటులో సిద్ధంగా ఉండే బటన్ నొక్కేసేవాడు. పందెం చిల్లర లేకుండా గుండుగా యాభై, లేకపోతే వంద సెంట్లు. చేతిలో నిజంగా సరుకున్నప్పుడు మాత్రం అంకె వేళ్లతో తనే కొట్టేవాడు. అప్పుడది యాభై కాదు, యాభై మూడు. వంద కాదు, నూటారు. ప్రతిసారీ అంతే. లోకంలో ఏ ఆటగాడూ అలా కాయడు. ఆ ఆరు ఎందుకో కుసుమకి ఎంత ఆలోచించినా అందలేదు.

బుధవారం నాటి మాట మిగతావాటిలా లేదు.

"శుక్రవారం సాయంత్రం బస్సు దిగి ఒక్కదానివే నడిచిరా. తోటలో మాట్లాడుకుందాం. మీ అత్త సంతకి పోతుంది, దీపాలు పెట్టే వేళకి గాని రాదు. మీ ఆయన కటక్ లోడు మీద ఉంటాడు. వాన పడేలా ఉంది, గొడుగు తెచ్చుకో."

కుసుమ ఆ మాట రెండోసారి చదివింది. పచ్చచీర రోడ్డు మీద ఎవరికైనా కనిపిస్తుంది. అత్త సంత, మొగుడి లోడు ఎవరికి తెలుస్తాయి?

మర్నాడు సెలవు పెట్టి ఇంట్లో ఉండిపోయింది. ఆ పొద్దున్నే పెరట్లో కొబ్బరికాయల బేరం. వర్తకుడు పోతురాజు తన మనుషులతో వచ్చాడు. ఏళ్లుగా వాళ్లింటి కాయ ఆయనే కొంటున్నాడు. కన్నయ్య తోలే లారీ కూడా ఆయన సరుకుకే ఎక్కువ తిరుగుతుంది. లెక్కవాడు చేతికి రెండేసి కాయలు తీసి విసురుతూ, పాటలా అంకెలు పాడుతున్నాడు. వంద కాగానే ఒక్క క్షణం ఆగి, ఇంకో మూడు జతలు కుప్పలోకి విసిరాడు.

"ఒలే కోడలా, కొసరు సూసుకో. ఏడో కాయ పడితే వాడి సెయ్యి ఇరగ్గొట్టు," అంది పోలమ్మ అరుగు మీద నుంచి.

"ఏటప్పా, అంత అనుమానమా?" పోతురాజు నవ్వాడు. "వందకి ఆరు. మా తాతల్నాటి లెక్క. నీ కాయ మంచిది కాబట్టే కొసరడుగుతన్నాను."

"అద్గదీ! సరుకున్నోడే కొసరిత్తాడు. ఉత్త సేతులోడు ఉత్త లెక్క సెప్పి ఎలిపోతాడు."

కుసుమ చేతిలో కాయ ఆగిపోయింది. వందకి ఆరు. యాభైకి మూడు.

పోతురాజు లెక్కవాణ్ణి కసురుకుంటున్నాడు. "బేగి కానీరా! మా మేనల్లుడు వాసుగాడయితే ఈపాటికి లోడు కట్టీసును. టెక్కల్లో కంప్యూటర్ల కొట్టెట్టినాడు గాని, సిన్నప్పట్నించీ నా కూడా తిరిగి కాయ లెక్కెట్టినోడు. ఆడికి వందంటే నూటారే! నోటంట వంద రాదు."

కాయ జారి కుసుమ కాలి మీద పడింది. నొప్పి తెలియలేదు.

"కన్నయ్యని రేపటి కటక్ లోడుకి పంపమన్నది కూడా ఆడే," అన్నాడు పోతురాజు పోలమ్మతో. "నెమ్మదయిన డ్రైవరు, ఆన్నే పంపు మావా అన్నాడు."

కుసుమ పెరటి గోడ పట్టుకుని కూర్చుండిపోయింది. నానున్నాను కదా మేడం. ఇంట్లో చెప్పకండి మేడం. కంప్యూటర్లన్నీ బాగుచేసేది వాడే కాబట్టి తన తెర వాడికి తెరిచిన పుస్తకం, చీరా చెప్పూ బస్సులోనో రోడ్డు మీదో చూసి ఉంటాడు. తన భయం ఎంత లోతుందో వాడికి తనే దగ్గరుండి కొలిచి ఇచ్చింది.

ఇంకో సంగతి అంతకంటే భయపెట్టింది. ఇంతకాలం వాడి బెదిరింపులన్నీ గుండు అంకెలే. చెప్తా, ఫోన్ చేస్తా. ఒక్కటీ చేయలేదు. బుధవారం మాటలో మాత్రం ఎవరూ అడగని అత్త సంత ఉంది, మొగుడి లోడు ఉంది, గొడుగు ఉంది. అంటే కొసరు వేశాడు. ఈసారి వాడి చేతిలో సరుకుంది. వాడు వస్తాడు.

చెయ్యి బాగోలేనప్పుడు పారేయాలి. ఎంత ప్రాణమైన ముక్కైనా సరే. కుసుమ చేతిలో ఉన్న ప్రాణమైన ముక్క ఆ బస్సు పాసు.

పోతురాజు బండి వెళ్లిపోయాక, వంటింట్లోకి పోయి అత్త ముందు కూర్చుంది. మొత్తం చెప్పేసింది.

పోలమ్మ చేస్తున్న పని ఆపింది. "పేకాటా?"

"అవునత్తా."

"కంప్యూటర్లో?"

"అవునత్తా."

"ఎంత తగలెట్టీసినావు?"

"పోలేదత్తా. కొంచెం గెలిసినాను."

పోలమ్మ కోడల్ని ఎగాదిగా చూసింది. "మరి జాగారం నాడు నా సేతిలో అన్నిసార్లు ఓడిపోనావేటే, సచ్చినదానా?" అని, ఆ మాట నోట్లో ఉండగానే మొహం గట్టిపడింది. "నీ మొగుడి సంగతి తరవాత. రేపు నువ్వు రోజూలాగే బస్సు దిగు. నువ్వు దిగకపోతే ఆడు ఇయ్యాల కాకపోతే రేపు, రేపు కాకపోతే ఎల్లుండి. ఎంతకని సూత్తావు? నాను సంతకి ఎల్లినట్టే ఎల్లి, తోటలోకి తిరిగే మలుపు కాడ జీడిసెట్టు కింద కూకుంతాను. ఆణ్ని రానీ."

"అత్తా, నాకు బయమేత్తంది."

"నాకు మాత్రం ఎయ్యట్లేదేటి?" అంది పోలమ్మ.

శుక్రవారం కరెంటు లేదు. పల్లెవెలుగు బస్సు తోటల స్టాపు చేరేసరికి చీకటి కమ్ముతోంది. సన్నగా జల్లు. కుసుమ ముందు తలుపులోంచి దిగింది. సంచిలో బేటరీ లైటు, చేతిలో గొడుగు. అక్కడినుంచి మలుపు కేకేస్తే వినపడేంత దూరం. దారికి రెండువైపులా జీడిచెట్లు నేలమీదికి కొమ్మలు వాల్చి నల్లగా కూర్చున్నాయి. మలుపు దగ్గర వాడు, వాడి వెనక అత్త. అదీ లెక్క. కళ్లు మలుపు మీదే పెట్టి నడిచింది.

వెనకాల బస్సు కదిలింది. దాని చప్పుడు తగ్గాక, తన అడుగుల వెనక ఇంకో జత అడుగులు వినిపించాయి.

"గొడుగు తెచ్చుకున్నారే. మంచిది మేడం."

వాసు! వెనక తలుపులోంచి దిగాడు. కాశీబుగ్గ నుంచీ అదే బస్సులో, తన వెనకే కూర్చుని వచ్చాడు.

అత్త ఉన్నది ముందు, వీడున్నది వెనక. అరిస్తే ఆమె వచ్చేలోగా వీడి చెయ్యి తన నోటి మీద ఉంటుంది.

"నానని మీరు అనుకోనేదు కదా?" వాసు మెల్లగా దగ్గరికొచ్చాడు. అదే నెమ్మది గొంతు. "ఇలా లోపలికి రండి. రోడ్డు మీద ఎందుకు? అయిదు నిమిషాలు. తరవాత మీ ఆటకి నాను అడ్డురాను."

చేతిలో ఏమీ లేదు. పారేయడానికి కూడా లేదు. ఇప్పుడు మిగిలింది దబాయింపే. కుసుమ అంతవరకూ తెర మీద తప్ప ఎవరి మొహం మీదా దబాయించి ఎరగదు. గుండు అంకె చెబితే వీడు నమ్మడు. కొసరు వేయాలి.

ఆగి వెనక్కి తిరిగింది. సంచిలోంచి బేటరీ లైటు తీసింది.

"నువ్వు కూడా వొచ్చీసినావా వాసూ? మంచిపని సేసినావు. ఈయనకి తోడు లేక సత్తన్నాడు."

వాసు ఆగాడు. "ఎవరికి?"

"మా ఆయనకి. కటక్ ఎక్కడెల్లినాడు! మందస కాడే ముందు టైరు పేలిపోనాది. స్టెప్నీలో గాలి లేదంట. మెల్లగా తోలుకుని తోటలోకెట్టీసినాడు. కిలీనరు గుంటడికి జొరమంట, ఇంటికి పంపీసినాడు. లైటు లేదు, బేటరీ లైటు తే, సుట్టలు కూడా తే అని ఇంతకుముందే ఫోన్ సేసినాడు. సుట్టలు మర్సిపోనాను. తిడతాడు." మాటలు వాటంతట అవే పడుతున్నాయి. ఆరో కాయ పడే దాకా ఆపలేదు.

వాసు కళ్లు మలుపు వైపు కదిలాయి. అడుగు మాత్రం వెనక్కి పడలేదు.

కుసుమ లైటు ఎత్తి జీడిచెట్ల మీదికి వేసింది. ఉన్న ఊపిరంతా పోగుచేసి కేకేసింది. "ఇదిగోనయ్యా! లైటు తెచ్చినాను! కూడా పోతురాజుగారి వాసు వొచ్చినాడు! స్టాపు కాడే ఉన్నాం!"

ఒక క్షణం వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆ క్షణంలో వాసు పెదవి మీదికి నవ్వు రాబోయింది.

అప్పుడు మలుపు దగ్గర చీకట్లో టంగుమని ఇనుము మోగింది. మళ్లీ మోగింది. రాతి మీద గునపం దెబ్బ. కాయలు ఒలిచే గునపం పట్టుకుని పోలమ్మ పరుగు మొదలుపెట్టిందనీ, వయసు మీదపడ్డ కాళ్లకి దాన్ని ఎత్తి మొయ్యలేక ఈడ్చుకొస్తోందనీ వాసుకి తెలియదు. లారీ చక్రం నట్లు విప్పుతున్న మొగుడే వాడి చెవికి వినిపించాడు.

"నాను... నాను తరవాత కలుత్తాను మేడం," అన్నాడు. రెండడుగులు వెనక్కి వేశాడు. తరవాత తిరిగి రోడ్డు వైపు పరుగెత్తాడు.

పోలమ్మ వచ్చేసరికి కుసుమ తడిమట్టిలో కూర్చుని ఉంది. లైటు నేలమీద పడి వెలుగుతోంది.

"ఏడీ? ఎటెల్లినాడు?" పోలమ్మ రొప్పుతూ గునపం ఎత్తింది.

"ముక్కలు పారీసినాడత్తా. నమ్మి పారీసినాడు," అంటూ కుసుమ ఏడ్చింది.

కన్నయ్యకి పోలమ్మే చెప్పింది. అతను టెక్కలి వెళతానని లేచాడు, తల్లి గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. పెళ్లాంతో నాలుగు రోజులు మాట్లాడలేదు. అయిదో రోజు పొద్దున్న బస్సు పాసు అన్నం డబ్బా మీద పెట్టి లారీ ఎక్కి వెళ్లిపోయాడు. ఇన్‌స్టిట్యూట్‌లో సరోజిని మేడం కంప్యూటర్లు చూసేందుకు వేరే మనిషిని పిలిచింది. కుసుమ ఆ ఆకుపచ్చ బల్లని మళ్లీ తెరవలేదు. బస్సెక్కితే మాత్రం, కూర్చునే ముందు వెనక సీట్ల దాకా ఒక్కో మొహమూ చూసుకోవడం అలవాటయిపోయింది.

మళ్లీ కాయ దింపిన రోజు పోతురాజు వచ్చాడు. లెక్కవాడు వంద పాడి, కొసరుకి చెయ్యి చాపాడు. పోలమ్మ గునపం అడ్డం పెట్టింది.

"ఆగు. కొసరు లేదు."

"అదేటప్పా?" పోతురాజు తెల్లబోయాడు. "తాతల్నాటి లెక్క!"

"ఈపాలి మీ మేనల్లుడికి ముందే ఇచ్చీసినాం. తోట మలుపు కాడ. ఎల్లి ఆన్ని అడుగు, తీసుకున్నాడో లేదో."

పోతురాజు ఆమెని చూశాడు. అరుగు మీద కుసుమని చూశాడు. ఆయనకి ఏ మేరకు తెలుసో ఆ మొహం చెప్పలేదు. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, లెక్కవాడితో అన్నాడు.

"వంద కాడే ఆపీరా."

బస్సు హారన్ వినిపించింది. కుసుమ సంచి తీసుకుని బయల్దేరింది. గుమ్మం దాటాక ఆగి, దారి ఖాళీగా ఉందో లేదో చూసుకుంది. గునపం పుచ్చుకుని పోలమ్మ ఆమె వెనకే నడిచింది, స్టాపు దాకా.